140 దరఖాస్తులు పంపాను, ఇంట్లో ముఖం చూపించలేకపోతున్నాను

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. కొనుగోళ్ల విభాగంలో 11 ఏళ్ల అనుభవం ఉంది. మే నెలలో మా టీమ్ మొత్తాన్ని తీసేశారు. ఇప్పటికి 140 దరఖాస్తులు పంపాను. 9 ఫోన్లు వచ్చాయి, 3 ఇంటర్వ్యూలు అయ్యాయి, ఒక్కటీ కుదరలేదు. ఇంటర్వ్యూలో మాట్లాడటం నాకు చేతకాదని అర్థమైపోయింది. నా భార్య ఆఫీసు నుంచి రాగానే ‘ఇవాళ ఏమైనా వచ్చిందా?’ అని అడుగుతుంది. ఆ మాటకే విసుక్కుంటున్నాను, తర్వాత నా మీద నాకే అసహ్యం వేస్తోంది. కొత్త సంవత్సరం నుంచి రోజుకు 20 దరఖాస్తులు పంపాలనుకుంటున్నాను. సరైన నిర్ణయమేనా?

జవాబు: రోజుకు 20 వద్దండి. మొదటి వారం ఊపులో పంపేస్తారు. మూడో వారానికి ఒక్క ఫోనూ రాకపోతే ఇప్పటికంటే ఎక్కువ కుంగిపోతారు.

మీరు రాసిన అంకెలనే ఇంకోసారి చూడండి. 131 చోట్ల నుంచి పలకరింపే లేదు. ఫోన్ చేసిన తొమ్మిది చోట్లలో ఆరు అక్కడితో ఆగిపోయాయి. ఇంటర్వ్యూ దాకా వెళ్లినవి మూడే. మూడింటిని చూసి ‘నాకు మాట్లాడటం రాదు’ అని తీర్పు రాసేసుకున్నారు. ఒక్కరికే దక్కే ఉద్యోగం మూడుసార్లు వేరేవాళ్లకు వెళ్లడం ఏమంత వింత కాదు. మీ బండి ఆగుతున్నది అంతకుముందే: రెజ్యూమె దగ్గర, ఆ తర్వాత ఫోన్ దగ్గర.

ఒక మధ్యాహ్నం కూర్చుని చివరి 40 దరఖాస్తులను ఒక షీట్‌లో ఎక్కించండి. ప్రకటన ఎప్పుడు పడింది, మీరు ఎప్పుడు పంపారు, వాళ్లు తప్పనిసరి అన్న అర్హతల్లో మీకు ఎన్ని ఉన్నాయి, నేరుగా పంపారా లేక ఎవరి ద్వారానైనా వెళ్లిందా. ప్రకటన పడిన రెండు మూడు వారాలకు పంపినవాటిని కొట్టేయండి, చాలాచోట్ల అప్పటికే షార్ట్‌లిస్ట్ తయారై ఉంటుంది. అర్హతలు సగమైనా కలవనివాటినీ కొట్టేయండి. మిగిలినవే మీ అసలు ప్రయత్నాలు, అవి తక్కువే ఉంటాయి. చూడగానే గుండె జారినా, 140 మంది మిమ్మల్ని కాదన్నారన్న బరువు మాత్రం దిగుతుంది.

ఇక రెజ్యూమె. చాలా సంస్థల్లో దాన్ని మనిషి కంటే ముందు సాఫ్ట్‌వేర్ చదువుతుంది. మీ ఫైలు మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేసి చూడండి. రెండు నిలువు వరుసలు, టేబుళ్లు, టెక్స్ట్ బాక్సులు వాడి ఉంటే ఒక ఉద్యోగం వివరాలు ఇంకోదాంట్లో కలిసిపోయి కనిపించవచ్చు. పేజీ పైఅంచున విడిగా ఉండే హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరును కొన్ని సాఫ్ట్‌వేర్లు వదిలేస్తాయి, అందుకే దాన్ని పేజీలోకే తెచ్చుకోండి. నైపుణ్యాల పక్కన వేసే చుక్కలు, నక్షత్రాలు తీసేయండి, వాటిని బట్టి ఎవరూ ఏమీ తేల్చుకోలేరు. ‘సరఫరాదారులతో సమన్వయం చేశాను’ అని ఉంటే దాన్ని ‘14 మంది సరఫరాదారుల ఒప్పందాలు చూశాను, సరుకు ఆలస్యం సగటున 9 రోజుల నుంచి 5 రోజులకు తగ్గింది’ అన్నట్టు మార్చండి. అంకెలు మాత్రం మీవే ఉండాలి. ‘ఎలా తగ్గించారు?’ అని అడిగితే మూడు నిమిషాలు ఆగకుండా చెప్పగలిగినవే రాయండి. మే తర్వాతి ఖాళీని దాచొద్దు. చివరి ఉద్యోగం నెలతో సహా రాసేయండి. దాచింది తర్వాత బయటపడితే చేతికొచ్చిన ఆఫర్ కూడా పోతుంది.

పాత జాబ్ అలర్ట్‌లన్నీ తీసేసి కొత్తవి పెట్టుకోండి. మీ పనినే ఒకచోట పర్చేజ్ అంటారు, ఇంకోచోట ప్రొక్యూర్‌మెంట్, సోర్సింగ్, వెండర్ మేనేజ్‌మెంట్ అంటారు. ఒక్క పేరుతో వెతికితే మిగతావి మీ కంటపడవు. లింక్డిన్‌లో పేరు కింది వరుసలోనూ ‘అవకాశాల కోసం చూస్తున్నాను’ అనే బదులు ఈ పేర్లే రాయండి. రిక్రూటర్లు వెతికేది వాటితోనే. రిజిస్ట్రేషన్‌కో, శిక్షణకో, ల్యాప్‌టాప్‌కో ముందు డబ్బు కట్టమన్నారంటే అది మోసమే, ఇంకో మాట అనవసరం.

ఫోన్ దగ్గర ఆగిన ఆ ఆరింటి సంగతి. మొదటి ఫోన్‌లో సాధారణంగా అడిగేవి నాలుగే: ఎందుకు మానేశారు, ఇప్పుడేం చేస్తున్నారు, జీతం ఎంత ఆశిస్తున్నారు, ఎప్పుడు చేరగలరు. వీటికి జవాబులు కాగితం మీద రాసి ఫోన్ పక్కన పెట్టుకోండి. మొదటిదానికి ఇంత చాలు: ‘మే నెలలో మా టీమ్ మొత్తాన్ని తీసేశారు, అందులో నేనూ ఉన్నాను.’ తర్వాత పాత మేనేజరు గురించి ఒక్క ముక్క వద్దు. ఎక్కువమంది జారేది అక్కడే. జీతానికి ఒక్క అంకె చెబితే అక్కడే ఇరుక్కుంటారు, కింది అంకెకు కూడా మీరు నిజంగా ఒప్పుకోగలిగే శ్రేణి చెప్పండి. బయట గోలలో ఉన్నప్పుడు ఫోన్ వస్తే ‘పది నిమిషాల్లో నేనే చేస్తాను’ అని పెట్టేయండి, ఎవరూ తప్పు పట్టరు.

ఇప్పుడు మీ భార్య సంగతి. ఆమె అడిగేది మిమ్మల్ని నిలదీయడానికి అనుకుంటున్నారు. తలుపేసుకుని కూర్చున్న మనిషి గురించి తెలుసుకోవడానికి ఆమెకు ఆ ఒక్క ప్రశ్న తప్ప దారేముంది? ఇద్దరూ తీరిగ్గా ఉన్నప్పుడు మీరే కదపండి: ‘నువ్వు రోజూ అడుగుతుంటే చెప్పడానికేమీ లేక చిరాకు పడుతున్నాను. ప్రతి ఆదివారం సాయంత్రం నేనే కూర్చుని అన్నీ చెబుతాను. మధ్యలో మంచి కబురు వస్తే అప్పుడే చెప్పేస్తాను.’ ఆ ఆదివారం పావుగంట చాలు. షీటు ఆమె ముందు పెట్టండి: ఎన్ని పంపారు, ఎక్కడ ఆగింది, వచ్చే వారం ఏం మారుస్తున్నారు. ఇంట్లో డబ్బు ఇంకా ఎన్ని నెలలకు సరిపోతుందో కూడా అప్పుడే లెక్క వేసుకోండి. ఆ అంకె ఇద్దరికీ తెలియకపోవడం వల్లే చాలా ఇళ్లలో గొడవ పెరుగుతుంది. ఒక్క ఆదివారం దాటేసినా సోమవారం ఆ ప్రశ్న మళ్లీ మొదలవుతుంది, అప్పుడు తప్పు మీదే.

నిద్ర పట్టకపోవడం, ఆకలి పోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం రెండు వారాలు దాటి సాగుతుంటే ఉద్యోగం వచ్చేదాకా ఆగకుండా డాక్టర్‌ను కలవండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే రెండు వారాలు కూడా ఆగొద్దు. అదే రోజు భార్యకు చెప్పి, ఆమెతోనే వెళ్లండి.

కొత్త సంవత్సరం మొదటి వారంలో నిర్ణయం తీసుకునేవాళ్లు చాలామంది సెలవుల్లోనే ఉంటారు, ఆ వారం షీటుకూ రెజ్యూమెకూ వాడుకోండి. రెండో వారం నుంచి రోజుకు మూడు గంటలు, వారానికి ఐదారు దరఖాస్తులు, ప్రతిదానికీ ఆ ప్రకటనను బట్టి రెజ్యూమెలో పై నాలుగు వరుసలు మార్చి పంపండి. వారానికి ఇద్దరు పాత సహోద్యోగులకు ఫోన్ చేయండి. ‘ఏదైనా ఉంటే చూడు’ అంటే ‘సరే’ అని మర్చిపోతారు. ‘మీ దగ్గర కొనుగోళ్లు ఎవరు చూస్తారు, ఆయనతో పావుగంట మాట్లాడించగలవా’ అని అడగండి. పాతవాటిలో మళ్లీ పలకరించదగ్గవి ఆ మూడు ఇంటర్వ్యూలే. ‘అప్పుడు మాట్లాడుకున్నాం, ఇప్పటికీ ఆసక్తి ఉంది, ఈ ఏడాది మీ టీమ్‌లో ఖాళీ వస్తే తెలియజేయగలరు’ అని మూడు వరుసలు రాయండి. బదులు రాకపోతే రెండోసారి రాయొద్దు.