మీ ప్రశ్న - మా జవాబు: వయసు మీదపడిన ఆటగాడిని ఎలా చూడాలి?

ప్రశ్న: నల్లగొండలోని ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేస్తున్నాను. సాయంత్రాలు ఎన్జీ కళాశాల మైదానంలో ఫుట్‌బాల్ ఆడే నా విద్యార్థుల్లో సగం మంది రొనాల్డో జెర్సీలు, మిగిలిన సగం మెస్సీ జెర్సీలు వేసుకొని వస్తారు. ఇటీవల వారి మధ్య కొత్త తగవు మొదలైంది. ‘ముసలోడిని ఇంకా జట్టులో ఎందుకు ఉంచుకోవాలి’ అని కొందరు, అలా అడిగేవాడు అభిమానే కాడని మరికొందరు కొట్లాట దాకా వెళ్తున్నారు. పాత ఆటగాడిని గౌరవించడమంటే అతని ఆటలోని లోటును చెప్పకుండా ఉండడమేనా?

జవాబు: కాదు. మీ పిల్లలకు 2022 ప్రపంచ కప్‌లో స్విట్జర్లాండ్‌తో పోర్చుగల్ ఆడిన మ్యాచ్‌ను గుర్తుచేయండి. అప్పటికి 37 ఏళ్లున్న రొనాల్డోను కోచ్ బెంచి మీద కూర్చోబెట్టి, 21 ఏళ్ల గొన్సాలో రామోస్‌ను ఆడించాడు. ఆ కుర్రవాడు మూడు గోల్స్ కొట్టాడు, పోర్చుగల్ 6-1తో గెలిచింది. అదే మ్యాచ్‌లో, జట్టు హాయిగా గెలుస్తున్న వేళ, స్టేడియంలోని జనం రొనాల్డో పేరు పెట్టి పిలుస్తూ అతన్ని మైదానంలోకి పంపమని కేకలు వేశారు. ఆ రోజు కోచ్ నిర్ణయం సరైనదే, జనం పిలుపూ సరైనదే. జట్టును ఎంపిక చేయడం కోచ్ పని. ఇన్నేళ్లు ఆనందాన్ని పంచిన మనిషిని మరచిపోలేదని చెప్పడం అభిమాని పని. ఈ రెండు పనులనూ కలగలిపినందువల్లే మీ పిల్లల మధ్య తగవు పుట్టింది.

విమర్శకు హద్దు ఎక్కడో తెలియాలంటే ఇటలీలోని మిలన్ నగరానికి వెళ్లాలి. పావోలో మాల్దీనీ 25 సీజన్ల పాటు ఏసీ మిలన్ ఒక్క క్లబ్బుకే ఆడాడు, యూరప్ క్లబ్బుల అగ్ర పోటీ అయిన యూరోపియన్ కప్‌ను ఐదుసార్లు అందుకున్నాడు. 2009 మే 24న, నలభై ఒకటో ఏడు నిండబోతుండగా, సొంత మైదానంలో చివరి మ్యాచ్ ముగించుకొని స్టేడియం చుట్టూ నడుస్తూ వీడ్కోలు చెబుతున్నప్పుడు, క్లబ్బుకు వీరాభిమానులమని చెప్పుకొనే ఒక వర్గం అతనికి ఈలలు వేసింది. కెప్టెన్ అంటే అంతకుముందు ఆడిన బరేసీ ఒక్కడేనని అర్థం వచ్చే బ్యానర్లు కూడా పట్టింది. వారికీ అతనికీ మధ్య పాత మనస్పర్థలు ఉన్నాయి. ఏ మనస్పర్థలున్నా ఆ సాయంత్రం చేయవలసిన పని అది కాదని నా గట్టి అభిప్రాయం. పాస్ తప్పితే తప్పిందనండి, వేగం తగ్గితే తగ్గిందనండి. సెలవు తీసుకొని వెళ్లే మనిషి ముఖం మీద ఈల వేయడం మాత్రం విమర్శ కాదు.

అదే దేశంలో రోమ్ నగర జట్టు రోమా అభిమానులు వేరే దారిలో నడిచారు. 2016లో 39 ఏళ్ల ఫ్రాన్సిస్కో టోట్టీకి కోచ్ ఎక్కువ అవకాశాలు ఇవ్వలేదు, ఇద్దరి మధ్య మాటలూ పెరిగాయి. జనం లేచి నిలబడి టోట్టీకి చప్పట్లు కొట్టారే తప్ప జట్టును వదులుకోలేదు. ఆ ఏప్రిల్‌లో టొరీనోతో మ్యాచ్‌లో రోమా 1-2తో వెనుకబడి ఉండగా, 86వ నిమిషంలో లోపలికి వచ్చిన టోట్టీ వెనువెంటనే రెండు గోల్స్ చేసి జట్టును గెలిపించాడు. ఇలాంటివి రోజూ జరగవు. జరిగిన రోజు చూడడానికి ఓపికగా కాచుకున్నవాళ్లు ఉండాలి కదా!

వయసుతో ఆటగాడిలో మొదట తగ్గేది పరుగు. చూపు అంత త్వరగా తగ్గదు. మెస్సీ మైదానంలో నడుస్తున్నాడని మీ పిల్లలు ఎగతాళి చేస్తే, అతను నడుస్తూ ఎటు చూస్తున్నాడో పది నిమిషాలు గమనించమనండి. ప్రత్యర్థి డిఫెండర్ల మధ్య ఖాళీ ఎక్కడ ఏర్పడుతోందో వెతకడానికే ఆ నడక. ఒకప్పుడు అంచు వెంట పరిగెత్తిన రొనాల్డో తర్వాత గోల్ ముందుకు జరిగి ఆడడం కూడా వయసుకు తగినట్లు ఆటను మార్చుకోవడమే. మీ పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణలు దొరకవు.

ప్రశ్న: 2025 డిసెంబర్ 13న మెస్సీని చూడడానికి మా అబ్బాయిని జడ్చర్ల నుంచి ఉప్పల్ స్టేడియానికి తీసుకువెళ్లాను. అసలు మ్యాచే కాని దానికి అంత ఖర్చెందుకని మా బంధువులు ఇప్పటికీ అంటున్నారు. అదే రోజు కోల్‌కతాలో జనం కుర్చీలు విరగ్గొట్టారు. ఇదంతా అభిమానమేనా?

జవాబు: మీ ఖర్చు గురించి బాధపడకండి. ఎన్నో రాత్రులు నిద్ర మానుకొని తెరమీద చూసిన మనిషిని ఒక్కసారి కళ్లారా చూడాలనుకోవడంలో తప్పు లేదు. కోల్‌కతాలో డబ్బు పెట్టి టికెట్లు కొన్న సామాన్యులకు, మెస్సీ చుట్టూ మూగిన పెద్దల వల్ల అతను కనబడనే లేదు. వారి కోపం న్యాయమైనదే. కానీ ఆ కోపం తీర్చుకోవలసింది నిర్వాహకుల మీద. విరిగిన కుర్చీలు రేపు మ్యాచ్ చూడడానికి వచ్చే మరో అభిమానివి.

ప్రశ్న: విదేశీయుల మీద ఇంత ప్రేమ చూపే మనం మన ఆటగాళ్లను ఎందుకు పట్టించుకోం? - మిర్యాలగూడ పాఠకురాలు

జవాబు: అమ్మా, ఈ ప్రశ్నే నన్ను ఎక్కువగా బాధపెట్టింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదీ. క్యాన్సర్‌తో బాధపడుతూనే ఆ జట్టును నడిపించి, మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఆ పోటీల్లో గోల్స్ చేసిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్‌లో పుట్టారు. అనారోగ్యం వల్ల చిన్న వయసులోనే ఆట మానవలసి వచ్చిన ఆయన, 2023 ఫిబ్రవరిలో బెంగాల్‌లో మరణించారు. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన అమెరికా క్లబ్ కాస్మోస్‌పై కోల్‌కతా క్లబ్ మోహన్ బగాన్ తరఫున గోల్ చేసిన మహమ్మద్ హబీబ్ కూడా మన హైదరాబాద్ వారే. చివరి ఏళ్లలో మతిమరుపుతో బాధపడి, 2023 ఆగస్టు 15న ఇక్కడే కన్నుమూశారు. బలరాం, హబీబ్‌ల పేర్లు చెబితే నేటికీ లేచి నిలబడేవారు కోల్‌కతాలో ఉన్నారు. మన దగ్గర ఎంతమంది నిలబడతారు?

సికింద్రాబాద్‌లోనే పుట్టిన అప్పటి భారత జట్టు కెప్టెన్ సునీల్ ఛెత్రీ 2018 జూన్‌లో, ముంబైలో రెండున్నర వేల మంది ముందు మ్యాచ్ ఆడిన తర్వాత, ‘తిట్టండి, విమర్శించండి, కానీ మైదానానికి రండి’ అనే అర్థం వచ్చేలా వీడియోలో వేడుకున్నాడు. అతని నూరవ మ్యాచ్‌కు స్టేడియం నిండిపోయింది. పొగడ్త కాదు, ప్రేక్షకుడిని అడిగాడు ఆ కెప్టెన్.

మీ పట్టణంలోనూ ఒకప్పుడు జిల్లా జట్టుకు ఆడి, ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో మైదానం గోడ దగ్గరే నిలబడి ఆట చూసే పెద్దలు ఉంటారు. ఈసారి పోటీలు పెట్టినప్పుడు వారికొక కుర్చీ వేయించండి, మొదటి బంతి వారి చేత తన్నించండి. నల్లగొండ మాస్టారికి కూడా నా విన్నపం ఇదే.