బోల్టు బిగించింది పార్వతీపురంలో, బండి ఆగింది ఒడిశాలో: కేసు ఎక్కడ వేయాలి?

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. ఇంటి వాడకానికి డీజిల్ కారు ఉంది. ఈమధ్య పార్వతీపురంలో ఒక షెడ్డులో ఫ్యూయల్ ఫిల్టర్ మార్పించాను. తర్వాత కొరాపుట్ వెళ్తుంటే కొండ దారిలో డీజిల్ కారిపోయి ఇంజిన్ ఆగింది. ఇక్కడి మెకానిక్ విప్పి చూసి, బాంజో బోల్టు (డీజిల్ పైపును ఫిల్టర్‌కు కలిపే బోలు బోల్టు) అతిగా బిగించడంతో హౌసింగ్‌లో (ఫిల్టర్ కూర్చునే డబ్బాలో) థ్రెడ్ పోయిందని, పాత రాగి వాషర్లే మళ్లీ వేశారని చెప్పాడు. హౌసింగ్ మార్పుకు, బండి లాక్కొచ్చినందుకు 19 వేలు అయింది. షెడ్డు యజమాని "కుదుపులకు వదులైంది. బిల్లే లేదు, ఏ కోర్టుకైనా వెళ్లు" అంటున్నాడు. డబ్బు ఫోన్‌పేలో కట్టాను. నాకు దారేమిటి?

జవాబు: మీరు పార్వతీపురం వెళ్లనక్కర్లేదు. రాయగడ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోటు కూడా చాలు. 1986 నాటి పాత చట్టంలో ఈ వెసులుబాటు లేదు. అవతలి పక్షం ఉన్న చోటికో, వివాదం పుట్టిన చోటికో వెళ్లాల్సి వచ్చేది. సరిహద్దు జిల్లాల్లో చాలామందికి ఈ మార్పు ఇంకా తెలియదు. అందుకే న్యాయమైన ఫిర్యాదులు కూడా మానుకుంటున్నారు. అది నాకు బాధగా ఉంటుంది.

బిల్లు లేదన్న మాటకు భయపడకండి. సేవకు బిల్లు ఇవ్వకపోవడం కూడా అదే చట్టంలోని 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతే. ఫోన్‌పే చెల్లింపు, షెడ్డు యజమానితో జరిగిన వాట్సాప్ మాటలు ఉంటే అవీ చాలు.

అసలు గట్టి పని రుజువుది. పనిలో లోపం ఉందని నిరూపించాల్సింది మీరే. ఆ పాత బోల్టు, రాగి వాషర్లు, థ్రెడ్ పోయిన హౌసింగ్ ఎక్కడున్నాయి? రాయగడ మెకానిక్ దగ్గర పడి ఉంటే ఈరోజే తెచ్చుకుని, కవర్లో పెట్టి, తేదీ రాసి దాచండి. మీ కేసు ప్రాణం వాటిలోనే ఉంది. కుదుపులకు వదులైందన్న వాదనకు ఆ థ్రెడ్డే సమాధానం. సరిగ్గా బిగించిన బోల్టు కుదుపులకు వదులైతే సాధారణంగా థ్రెడ్ చెక్కుచెదరదు. వంకరగా ఎక్కించినా, బలమంతా పెట్టి తిప్పినా థ్రెడ్ చెడుతుంది, ఆ తర్వాత బోల్టుకు పట్టు ఉండదు. అంటే వదులు కావడానికి కూడా మూలం ఆ బిగింపే. రాగి వాషర్ ఒకసారి నలిగి కుదురుకుంటే మళ్లీ అంత బాగా మూయదు. కాబట్టి విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి. బోల్టును మొదట చేత్తోనే ఎక్కించి, తర్వాత కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో న్యూటన్ మీటర్లలో ఇచ్చిన బలానికి టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో తిప్పుతున్నామో కొలిచే పానాతో) బిగించాలి. మీ మోడల్‌కు ఆ అంకె ఎంతో కంపెనీ అధీకృత వర్క్‌షాప్‌లో అడిగి, వీలైతే వాళ్లతోనే ఆ భాగాలను పరీక్ష చేయించి రాతపూర్వకంగా తీసుకోండి. రాయగడ మెకానిక్ చూసింది చూసినట్టు అఫిడవిట్ ఇవ్వాలి. ఆయన మొహమాటపడితే నచ్చజెప్పండి, నోటి మాట నిలవదు. ఫోన్‌లోని ఫోటోలకు భారతీయ సాక్ష్య అధినియమం (పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చింది) 63(4) కింద సర్టిఫికెట్ జత చేస్తే అభ్యంతరం రాదు.

ఒక విషయం నిజం చెప్పండి. డీజిల్ వాసన ముందే తగిలిందా? తగిలినా నడిపారా? అలా అయితే దాచవద్దు. నష్టాన్ని తగ్గించుకునే ప్రయత్నం చేయలేదని పరిహారం కొంత కోయవచ్చు గానీ కేసు పోదు. దాచి దొరికితే మీ మాట మీద నమ్మకమే పోతుంది.

ముందు రిజిస్ట్రేషన్ సదుపాయంతో స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. 19 వేలతో పాటు ఫిల్టర్ మార్పుకు ఇచ్చిన కూలీ, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు అడగండి. జవాబు రాకపోతే ఫిర్యాదు వేయండి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. గడువు మాత్రం రెండేళ్లు. కారు అప్పుడప్పుడు కిరాయికి తిప్పుతుంటే ఆ సంగతి కూడా నాకు రాయండి. అది వాణిజ్య వాడకం, మీరు వినియోగదారే కాదన్న అభ్యంతరం వస్తుంది గనుక ఫిర్యాదులో దానికి ముందే జవాబు ఉండాలి.