ఏ పన్నూ ఊడకుండానే వచ్చే పన్ను

వేసవిలో గుంటూరు వచ్చినప్పుడల్లా బ్రాడీపేటలో మా అమ్మ వాళ్లింటికి అమెరికా ప్రయాణం పెట్టుకున్నవాళ్లు ఎవరో ఒకరు వస్తారు. కుక్కరు తీసుకెళ్లాలా, ఆవకాయ ఎలా ప్యాక్ చేయాలి, మందులు ఎన్ని నెలలకి... ఇవే సందేహాలు. ఈసారి పక్కింటి అమ్మాయి వేరే మాట అడిగింది. "అక్కా, పాప పళ్లు ఇక్కడే చూపించి తీసుకెళ్లమంటున్నారు. ఎలాగూ పాలపళ్లేగా, అవసరమా?"

పాపకి ఏడేళ్లు. వరండాలో కూర్చోబెట్టి, ఫోన్ టార్చి వేసి, ముందు పళ్ల నడుమ నుంచి ఒక పక్కకి లెక్కపెట్టాం. ఒకటి, రెండు, మూడు... ముందువి ఊడి కొత్తవి వచ్చినా లెక్క మారదు, పాలపళ్ల వరస అయిదుతో అయిపోతుంది. ఆరోది వెడల్పుగా, పైన లోతైన గాడులతో ఉంది. పొద్దున తిన్న బిస్కెట్టు ముద్ద ఇంకా ఆ గాడుల్లోనే అతుక్కుని ఉంది.

"ఇది పాలపన్ను కాదమ్మా, జన్మంతా ఉండాల్సిన దవడపన్ను" అంటే ఆ అమ్మాయి ఒక పట్టాన నమ్మలేదు. తప్పు తనది కాదు. ఆరేళ్ల ప్రాంతంలో పైనా కిందా, రెండు పక్కలా ఒక్కోటి చొప్పున ఈ నాలుగు పళ్లూ ఏ పన్నూ ఊడకుండానే, వెనక ఖాళీలోంచి చప్పుడు లేకుండా వచ్చేస్తాయి. మా అబ్బాయి విషయంలో నాకూ తెలియలేదు. పాలపన్నే కదా అని నల్లమచ్చని వదిలేశాను. డల్లాస్ వెళ్లిన మొదటి ఏడాదే ఒక రాత్రి చెంప పట్టుకుని ఏడుస్తూ లేచాడు. అప్పటికే పుచ్చు నరం దాకా వెళ్లిపోయింది. ఎనిమిదేళ్ల పిల్లాడు ఆ కుర్చీలో పడ్డ బాధ నాకిప్పటికీ గుర్తే. అందుకే అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ ఈ ఆరో పన్ను గురించి చెబుతున్నాను.

ఆ గాడులు కొన్నిచోట్ల బ్రష్ కుచ్చు కన్నా సన్నగా ఉంటాయి, ఎంత తోమినా లోపలికి చేరదు. వాటిని పైనుంచి పల్చటి పూతతో మూసేయడమే సీలెంట్. ఇంజెక్షన్ లేదు, డ్రిల్లింగ్ లేదు. పన్ను శుభ్రం చేసి, ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ కొద్ది సెకన్లు పెట్టి కడిగి ఆరబెడతారు. పన్ను సుద్దముక్కలా తెల్లబడుతుంది. అప్పుడు ప్లాస్టిక్ లాంటి రెజిన్ పూసి నీలం లైటుతో గట్టిపరుస్తారు. పన్నుకి కొద్ది నిమిషాలే. యాసిడ్ మాట వినగానే నాయనమ్మలు కంగారుపడతారు గానీ, పన్నుకి పూత పట్టించే ఈ పద్ధతి 1955 నాటిది.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం సీలెంట్ వెనక పళ్లలో పుచ్చుని రెండేళ్ల పాటు 80 శాతం, నాలుగేళ్ల వరకు 50 శాతం ఆపుతుంది. అయితే పూసేటప్పుడు ఉమ్మి తగిలితే సరిగ్గా పట్టదు. కాబట్టి పన్ను పూర్తిగా బయటికి రావాలి, పిల్ల కాసేపు నోరు తెరిచి ఉంచగలగాలి. ప్రయాణం రేపు పెట్టుకుని ఇవాళ పరిగెత్తకండి.

గుంటూరు దగ్గర తక్కెళ్లపాడులో సిబార్ డెంటల్ కాలేజీ, విజయవాడ గుణదలలో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉన్నాయి. పిల్లల పళ్ల విభాగం, అంటే పెడోడాంటిక్స్‌లో అడగండి. వీలుకాకపోతే అమెరికా వెళ్లాకే చేయించుకోవచ్చు, టెన్షన్ పడొద్దు. కానీ ఒకటి మరిచిపోకండి. అమెరికాలో డెంటల్ ఇన్సూరెన్స్ చాలా కంపెనీల్లో మెడికల్‌తో కలిసి రాదు, విడిగా టిక్కు పెట్టాలి. ఉద్యోగంలో చేరాక సాధారణంగా 30 రోజుల్లో తేల్చుకోవాలి. ఆ గడువు దాటితే మళ్లీ ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్, అంటే ఏడాదికోసారి ప్లాన్లు ఎంచుకోనిచ్చే రోజుల దాకా ఆగాల్సి వస్తుంది. ఫోన్ చేసి "డి1351 కవర్ అవుతుందా, ఎన్నేళ్ల వరకు, ఏయే పళ్లకి?" అని అడగండి. పన్ను సీలెంట్‌కి అక్కడి కోడ్ అది. చాలా ప్లాన్లు దాన్ని నివారణ కింద చూస్తాయి గానీ వయసు పరిమితి ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది.

పళ్ల మధ్య సందుల్ని సీలెంట్ కాపాడదు, అక్కడ ఫ్లాస్, అంటే పళ్ల సందులు శుభ్రం చేసే దారం తప్పదు. ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకి రెండుసార్లు తోమించాలి. మూడేళ్ల లోపు వాళ్లకి బియ్యపు గింజంత, ఆరేళ్ల దాకా బఠాణీ గింజంత చాలు. రాత్రి తోమాక పాలు తాగించి పడుకోబెట్టే అలవాటు మాత్రం దయచేసి ఇక్కడే వదిలేసి వెళ్లండి.

పాపకి పోయిన గురువారం నాలుగు పళ్లకీ పూత వేయించారు. ఏ పళ్లకి ఎప్పుడు వేశారో రాయించుకుని, ఆ కాగితం పాస్‌పోర్టుల సంచిలో పెట్టమన్నాను, అక్కడి డాక్టరు చూసే ప్రతిసారీ పూత ఊడిందేమో చెక్ చేయాలి కాబట్టి. వాళ్ల బాబుకి ఇప్పుడు నాలుగేళ్లు. ఇంకో రెండేళ్లకి వాడి ఆరో పన్ను, పాపకి పన్నెండేళ్ల ప్రాంతంలో ఏడోది వస్తాయి.