మొదటి ఆట రాయడానికి ఓపెన్‌జీఎల్ నేర్చుకోవాలా, వల్కన్ నేర్చుకోవాలా?

రెండూ కంప్యూటర్‌లోని గ్రాఫిక్స్ చిప్ (జీపీయూ) చేత తెర మీద బొమ్మలు గీయించే ప్రోగ్రామింగ్ సాధనాలే. సీ++ వచ్చి, గ్రాఫిక్స్ లోపలి పని తెలుసుకోవాలనుకుంటే ఓపెన్‌జీఎల్ 3.3తో మొదలుపెట్టండి. 2016లో వచ్చిన వల్కన్ శక్తిమంతమైనదే. కానీ మెమరీ కేటాయింపు, జీపీయూ పనుల్లో ఏది ముందు ఏది వెనుక అన్న సమన్వయం, అన్నీ మీరే చూసుకోవాలి. తెర మీద ఒక్క త్రిభుజం కనిపించడానికే దాదాపు వెయ్యి వరుసల కోడ్ అవుతుంది! ఓపెన్‌జీఎల్‌లో ఆ భారం చాలావరకు జీపీయూను నడిపే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవరే మోస్తుంది. అక్కడ నేర్చుకున్న షేడర్లు (జీపీయూ మీద నడిచే చిన్న ప్రోగ్రాములు), మాత్రికలు, టెక్స్చర్లు (ఆకారాల మీద అతికించే చిత్రాలు) రేపు వల్కన్‌కు మారినా పనికొస్తాయి.

పాత పాఠాల్లో జీఎల్‌బిగిన్ (బిందువులను ఒక్కొక్కటిగా పంపి గీసే పాత ఓపెన్‌జీఎల్ ఆదేశం) కనిపిస్తే మాత్రం దయచేసి వదిలేయండి. 2008లో వెలువడిన ఓపెన్‌జీఎల్ 3.0 నాడే ఆ పద్ధతికి కాలం చెల్లిందని ప్రకటించారు.

మ్యాక్‌లో ఓపెన్‌జీఎల్ 4.1 దగ్గరే ఆగిపోయింది, అయినా నేర్చుకోవడానికి అది చాలు. విండోస్ ఒక్కటే మీ లక్ష్యమైతే మైక్రోసాఫ్ట్ వారి ఇలాంటి సాధనమే అయిన డైరెక్ట్3డీ 11 కూడా మంచి ఎంపికే. ఆట త్వరగా పూర్తికావడమే ముఖ్యమనుకుంటే ఇవేవీ వద్దు, గోడో వంటి గేమ్ ఇంజిన్ (గీయడం వంటి పనులు ముందే అమర్చి ఉన్న సాఫ్ట్‌వేర్) తీసుకోండి.