సైన్యం నుంచి వచ్చినవారికి కోడింగ్ రాకపోతే సైబర్ భద్రతా విధానం చదవడం కుదరదా?

సైన్యంలో పదేళ్లు పనిచేసినవారు ప్రోగ్రామింగ్ రాకుండా సైబర్ భద్రతా విధానంలో (పాలసీలో) మాస్టర్స్ చేయగలరా అని మీరు అడిగారు. చేయవచ్చు. నేను 12 ఏళ్లు సైన్యంలో సందేశాల రాకపోకలు చూసే సిగ్నల్స్ విభాగంలో పనిచేసి, ఇప్పుడు రెండో సంవత్సరం చదువుతున్నాను. నెట్‌వర్క్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే చాలు, కోడ్ రాయనక్కరలేదు. ఉద్యోగం వదిలిన వారంలోపే ఖరీదైన సర్టిఫికెట్లు అంటగట్టడానికి ఫోన్లు చేసేవారి మాట మాత్రం వినకండి.

మీ దగ్గర ఇప్పటికే ఉన్న చదువు వేరే ఉంది. మా యూనిట్‌లో 30 రోజులకొకసారి పాస్‌వర్డ్ మార్చి తీరాలన్న నియమం ఉండేది. ఒకనాటి తెల్లవారుజామున నేను తనిఖీకి వెళ్లి, రాత్రంతా డ్యూటీ చేసిన కుర్రవాడి కీబోర్డు ఎత్తి చూస్తే, దాని అడుగున అంటించిన తెల్ల ప్లాస్టర్ మీద మూడు పాస్‌వర్డులు కనిపించాయి. పాతవాటిని కొట్టివేసి, కొత్తవాటిని తేదీలతో సహా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. "ఇది లేకపోతే లాగిన్ కాలేను సార్, లాగిన్ కాకపోతే సందేశం వెళ్లదు" అన్నాడు. నేను అతడి మీద రిపోర్టు రాశాను. వారం రోజుల అదనపు డ్యూటీ పడింది.

మొదటి సెమిస్టరులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు చదివాను. పాస్‌వర్డు బయటపడిందన్న ఆధారం ఉంటే తప్ప గడువు పెట్టి మార్పించవద్దని అందులో ఉంది. చదవగానే నేను రాసిన ఆ రిపోర్టు కళ్ల ముందు మెదిలింది.

అప్పటి నుంచి ఏ విధానం చదివినా, దాన్ని రాత్రి డ్యూటీలో అమలు చేయవలసినవాడు ఏం చేస్తాడన్నదే నాకు ముందు తోస్తుంది. 2008లో యూఎస్‌బీ డ్రైవు ద్వారా ఒక హానికర ప్రోగ్రామ్ అమెరికా సైనిక నెట్‌వర్కుల్లోకి చొరబడినప్పుడు, అక్కడి రక్షణ శాఖ ఆ డ్రైవుల వాడకాన్నే నిషేధించింది. తరగతిలో దీన్ని గట్టి నిర్ణయంగా మెచ్చుకుంటున్నప్పుడు, మర్నాడు మారుమూల స్థావరంలో ఒక కంప్యూటరులోని పటాలను మరో కంప్యూటరుకు ఎలా చేర్చి ఉంటారని నేను అడిగాను. ఎవరూ జవాబు చెప్పలేదు.

సైబర్ సంఘటనలను 6 గంటల్లోగా తెలపాలన్న భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల మీద, వ్యక్తిగత సమాచారం బయటపడితే తెలపడానికి 72 గంటల గడువిచ్చే ఐరోపా సమాచార రక్షణ చట్టం జీడీపీఆర్ మీద జరిగే చర్చలూ ఇలాగే గంటల లెక్క దగ్గరే ఆగిపోతాయి. నా దృష్టిలో 6 గంటలు తక్కువేమీ కాదు. ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు అన్న మూడు ముక్కలతో తొలి సందేశం పంపి, వివరాలు తరువాత చేర్చడం సిగ్నల్స్‌లో పనిచేసిన ఎవరికైనా అలవాటే. అర్ధరాత్రి ఆ మూడు ముక్కలు పంపే అధికారం ఎవరికుందో చాలా సంస్థలు ముందుగా తేల్చుకోవు; అసలు చిక్కు అక్కడుంది. ఇంటర్వ్యూలలో మాత్రం మన అనుభవాన్ని "నాయకత్వ లక్షణాలు" అని పొగిడి పక్కన పెడతారు.

అందుకే దరఖాస్తులో పతకాల గురించి కాక, మీరు అమలు చేయలేకపోయిన ఒక నియమం గురించి రాయండి. నా థీసిస్ ఆ పాస్‌వర్డ్ నియమం మీదే. ఈ మాట చెప్పడానికి ఆ కుర్రవాడికి ఫోన్ చేస్తే, తన వారం రోజులు తిరిగి ఇప్పిస్తారా అని నవ్వాడు. నియమం ఇంకా ఉందట, గడువును మాత్రం 45 రోజులకు పెంచారట.