బ్రాడీపేట సందులోకి ఏ లోడర్ వెళ్తుంది?

ప్రశ్న: గుంటూరులో చెట్లు కొట్టించే పని చేస్తుంటాను. పాత ఇళ్లు, అపార్ట్‌మెంట్లు, కాలేజీల పని దొరుకుతుంది. చెట్టు దించడం ఒక ఎత్తు, పెరట్లోంచి దుంగలను రోడ్డు మీదికి చేర్చడం ఒక ఎత్తు. కుర్రాళ్ల నడుములు పడిపోతున్నాయి. బాబ్‌క్యాట్ లాంటిది కొననా, ఉన్న ట్రాక్టర్‌కే ముందు లోడర్ బిగించుకోనా?
– ఓ పాఠకుడు, గుంటూరు

జవాబు: హార్స్‌పవర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు టేపు తీసుకెళ్లి మీరు పనిచేసే ఇళ్ల గేట్లు కొలవండి. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో పాత ఇంటి పక్కసందు నాలుగడుగులుంటే అదృష్టమే. మీరన్న బాబ్‌క్యాట్ లాంటి బండినే స్కిడ్ స్టీర్ అంటారు. పెద్ద దుంగలెత్తే స్కిడ్ స్టీర్ వెడల్పు ఐదడుగుల పైమాటే. అది గేటు బయట నిలబడితే మీ కుర్రాళ్ల కష్టం ఎక్కడిదక్కడే.

ట్రాక్టర్ లోడర్ కాలేజీ ఆవరణలో బాగానే పనికొస్తుంది. తిరగడానికి చోటు కావాలి, వెనక బరువు దిమ్మె కట్టకపోతే ముందు మొద్దు ఎత్తగానే వెనక చక్రాలు తేలతాయి. ఇళ్ల మధ్యకు మాత్రం వద్దు.

ఇక బరువు. రెండడుగుల మందం, ఆరడుగుల పొడవున్న పచ్చి వేప దుంగ దాదాపు అర టన్ను తూగుతుంది. దాన్ని పట్టే గ్రాబర్ బరువు కూడా బండి మోసే లెక్కలోంచే పోతుంది. కంపెనీ కాగితంలో చూపే మోత సామర్థ్యంలో ఇంకో కిటుకుంది. టైర్ల స్కిడ్ స్టీర్‌కు సాధారణంగా బండి ముందుకు ఒరిగిపోయే బరువులో 50 శాతాన్ని రాస్తారు, టైర్ల బదులు రబ్బరు పట్టీల మీద నడిచే ట్రాక్ బండికి 35 శాతాన్ని. అంటే రెండిటి మీదా 700 కిలోలని ఉన్నా ఒకటి 1,400 దగ్గర, ఇంకొకటి 2,000 దగ్గర ఒరుగుతుంది. నడుం దగ్గర వంగే ఆర్టిక్యులేటెడ్ లోడర్‌కైతే తిన్నగా ఉన్నప్పటి అంకె చూసి మురిసిపోకండి, పూర్తిగా తిప్పినప్పుడు ఎంతో అడగండి. అది తక్కువే ఉంటుంది. సేల్స్ కుర్రాడు తనంతట తాను చెప్పడు.

అర టన్ను దుంగ కోసం పెద్ద బండి కొనాలా? నా మాట వింటే దుంగనే పొట్టి చేయండి. మూడడుగులకు కోస్తే పావు టన్ను. అప్పుడు వెనక నిలబడి నడిపే మినీ లోడరో, చిన్న ఆర్టిక్యులేటెడ్ లోడరో సరిపోతుంది. వీటిలో మూడు, మూడున్నర అడుగుల వెడల్పువి ఉంటాయి. సామానుకు పనికొచ్చే వేప మొద్దును పొట్టిగా కోస్తే అడితివాళ్లు ధర తగ్గిస్తారు, నిజమే. అలాంటివి వచ్చిన రోజున క్రేన్ అద్దెకు తెచ్చుకోండి. పేవర్ బ్లాకులు పరిచిన అపార్ట్‌మెంట్లే ఎక్కువైతే ఆర్టిక్యులేటెడ్ వైపే మొగ్గండి. స్కిడ్ స్టీర్ చక్రాలను ఈడ్చుకుంటూ తిరుగుతుంది, బ్లాకులు లేచిపోతే అసోసియేషన్ వాళ్లు మీ బిల్లులోనే కోస్తారు.

గ్రాబర్‌కు మామూలు హైడ్రాలిక్ లైన్ చాలు. ముందుముందు నేలలో మిగిలిన మోడును పొట్టు చేసే గ్రైండర్ కూడా బిగించాలనుకుంటే దానికి నిమిషానికి ఎన్ని లీటర్ల ఆయిల్ కావాలో, బండి ఎంత ఇస్తుందో ఇప్పుడే సరిచూసుకోండి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. ఆటోనగర్‌లో నా షెడ్డుకు వచ్చే చెట్లపని బళ్లన్నిటిదీ ఒకటే రోగం. అడుగు ప్లేటు విప్పితే ఎండు వేపాకు, రంపంపొట్టు, డీజిల్ జిడ్డు కలిసి చాపలా ఊడొస్తుంది. రేడియేటర్ రెక్కల్లోనూ అదే. మే నెల ఎండలో బండి వేడెక్కి ఆగిపోతే ‘ఇంజిన్ పోయింది’ అని టెన్షన్ పడుతూ వస్తారు. సైలెన్సర్ పక్కన ఆ ఆకు అంటుకుంటే నిజంగానే బండి పోతుంది. రోజూ సాయంత్రం గాలి కొట్టించండి. కొనేముందు ఆ అడుగు ప్లేటు ఎన్ని బోల్టులు విప్పితే వస్తుందో వంగి చూడండి. ఎక్కువైతే మీ కుర్రాళ్లు విప్పరు.

ప్రశ్న: కరకట్ట వైపు తోటల్లో పని. టైర్లా, ట్రాకులా?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: ట్రాకులే అమ్మా. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినట్టు, తుపాను వచ్చి చెట్లు పడ్డాకే మీకు పని ముంచుకొస్తుంది, అప్పటికి నేల నానిపోయి ఉంటుంది. టైరు బండి కూరుకుపోతే దాన్ని లాగడానికి జేసీబీని పిలవాలి. ట్రాకులు అరిగితే మార్పించే ఖర్చు ఎక్కువే, అది ముందే లెక్కలో వేసుకోండి. టైర్లే తీసుకునేటట్లయితే తుమ్మముళ్లకు గాలి టైర్లు నిలవవు, సాలిడ్ టైర్లు వేయించండి. కుదుపు ఎక్కువన్న సంగతి మీ డ్రైవర్‌కు ముందే చెప్పి ఉంచండి.