పడవ ట్రాలీ ఇరుసు విరిగింది, డబ్బు తిరిగి వస్తుందా?

ప్రశ్న: మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. మైలవరం, గండికోట జలాశయాల్లో చేపలు పట్టుకుని బతుకుతాం. ఫైబర్ పడవను నీటి దాకా తీసుకుపోవడానికి ప్రొద్దుటూరులో ఒక వెల్డింగ్ షాపులో రూ.1,10,000కు ట్రాలీ చేయించాను. 70,000 ఫోన్‌పేలో, 40,000 చేతికి ఇచ్చాను. బిల్లు లేదు. ఐదు నెలలకు బ్రహ్మంసాగర్ పోతుంటే మైదుకూరు దాటాక ఇరుసు విరిగి పడవ రోడ్డున పడింది, అడుగు పగిలింది. అప్పటి నుంచి 17 నెలలుగా షాపాయన ‘చూద్దాం, చేద్దాం’ అని తిప్పుతున్నాడు. ఇప్పుడేమో ఇరుసు మళ్లీ వెల్డింగ్ చేసిస్తానని, రిజిస్ట్రేషన్ కావాలంటే తన దగ్గరున్న పాత ట్రాక్టర్ ట్రాలీ నంబరు రాయించుకోమని అంటున్నాడు. ఒప్పుకోమంటారా? కేసు వేస్తే నిలుస్తుందా?

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలుంది. మూడున్నర పేజీలు అతను మీతో ఎంత నిర్లక్ష్యంగా మాట్లాడాడో, బావమరిది ముందు మీ పరువు ఎలా పోయిందో రాశారు. కేసును తేల్చేది మాత్రం చివరి పేజీ అడుగున ఉన్న ఒక్క సంగతి. ట్రాలీ చేయించే ముందు మీరు పడవ ఫొటో వాట్సాప్‌లో పంపి, ‘అన్నా, ఈ పడవకే. ఇంజను, వలలు అన్నీ కలిపి 500 కిలోలు దాటుతుంది. నా బొలెరోకి తగిలించాలి’ అని పెట్టారు. అతను ‘చేస్తాలే, టెన్షన్ పడొద్దు’ అని జవాబిచ్చాడు. దాని పక్కనే ఇంకో మాట రాశారు: స్క్రీన్ పగిలిందని ఆ ఫోను పిల్లలకు ఆడుకోవడానికి ఇచ్చేశానని. ముందు ఆ ఫోను వాళ్ల దగ్గర నుంచి తీసుకుని బీరువాలో పెట్టండి. ఈ జవాబులో మిగతాది ఆ తర్వాత చదవండి.

ఎందుకంత ముఖ్యమో చెబుతాను. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, మామూలుగా కొన్న వస్తువు మన పనికి పనికొస్తుందా లేదా చూసుకోవాల్సింది మనమే. అయితే ఏ పనికి కావాలో అమ్మేవాడికి ముందే చెప్పి, అతని పనితనాన్ని నమ్మి కొన్నామని తేలితే బాధ్యత అతని మీదికి పోతుంది. మీరు పడవ చూపించారు, బరువు చెప్పారు, లాగే బండి చెప్పారు. ఇరుసు ఎంత మందం వేయాలి, కమాన్లు ఎన్ని వేయాలి అన్న లెక్క అతనికే వదిలేశారు. ఆ రెండు మెసేజ్‌లు చేతిలో ఉంటే ‘నాకు బరువు చెప్పలేదు, ఓవర్‌లోడ్ చేశాడు’ అని అతను అనలేడు. లేకపోతే అతను మొదట చెప్పేది అదే.

మెసేజ్‌ల స్క్రీన్‌షాట్ ప్రింటు ఒక్కటే తెస్తే చాలదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ జతచేయాలి. ఒక భాగం మీరు నింపాలి, ఇంకో భాగం నిపుణుడు నింపాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్యం విషయంలో సివిల్ కోర్టులంత పట్టుబట్టవు. అయినా ఎదుటి లాయరు అభ్యంతరం పెట్టేందుకు చోటు ఎందుకివ్వాలి? స్క్రీన్ మార్పించండి గానీ ఫోనును రీసెట్ చేయనివ్వకండి. రిపేరు షాపులో ‘డేటా పోతుంది, పర్వాలేదా’ అని అడిగితే పర్వాలేదనకండి.

రెండో సంగతి గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 లోని 69వ సెక్షన్ మీకు రెండేళ్లే ఇస్తుంది. ఇరుసు విరిగిన రోజు నుంచి లెక్కపెట్టుకుంటే ఇంకా ఏడు నెలలుందని మీరు ధీమాగా రాశారు. ఆ ధీమా వద్దు. లోపమున్న సరుకు చేతికిచ్చిన రోజే గడువు మొదలైందని ఎదుటి పక్షం వాదిస్తుంది. ఆ లెక్కన 22 నెలలు అయిపోయాయి, మిగిలింది రెండు నెలలు. దాన్నే మీ గడువు అనుకోండి. అతను ఫోనులో ‘వచ్చే వారం చేసిస్తా’ అన్న మాటలు గడువును ఆపవు. ఆలస్యాన్ని మాఫీ చేయమని అడగడానికి చట్టంలో వీలుంది గానీ దానికి తగిన కారణం చూపాలి. ‘అతను తిప్పాడు, నేను తిరిగాను’ అన్నది గట్టి కారణం కాదు. పదిహేడు నెలల్లో ఒక్క నోటీసు కూడా ఇవ్వకపోవడం మీ తప్పు. బిల్లు తీసుకుంటే జీఎస్టీ పడుతుందని 40,000 చేతికివ్వడం అంతకంటే పెద్ద తప్పు. ఆ 40,000కు ఇప్పుడు మీ మాట తప్ప ఇంకేం లేదు. ఫోన్‌పేలో పంపిన 70,000కు బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి. అతను కాగితం ముక్క మీద రాసిచ్చిన ‘బోటు ట్రాలీ–1, బ్యాలెన్సు 40’ అన్న చీటీని లామినేషన్ చేయించకుండా ఉన్నదున్నట్లు దాచండి. మొత్తం ధర ఎంతో చెప్పే కాగితం అదొక్కటే.

ఇక అతను చూపిస్తున్న రెండు దారులూ మీకు గోతులే.

ఇరుసు మళ్లీ వెల్డింగ్ చేయిస్తే మీ కేసులో ఉన్న ఒకే ఒక్క వస్తు సాక్ష్యం పోతుంది. విరిగిన రోజు మీ తమ్ముడు తీసిన ఫొటో జతచేశారు. దాన్ని పెద్దది చేసి చూశాను. విరిగిన చోట ఒక పక్క నల్లగా తుప్పు పట్టి ఉంది, ఇంకో పక్క కొత్త ఇనుములా మెరుస్తోంది. అంటే ఆ రోజు ఒక్క దెబ్బకు విరగలేదు. వెల్డింగ్ అతుకు పక్కన పగులు ముందే పుట్టి, వారాల తరబడి పెరిగి, చివరికి తెగింది. నేను ఇంజనీరును కాదు గనుక ఈ మాట నేను చెబితే కమిషన్ వినదు, మెకానికల్ ఇంజనీరు చెప్పాలి. ప్రొద్దుటూరులోనే యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కళాశాల ఉంది. అక్కడి మెకానికల్ విభాగాన్ని లిఖితపూర్వకంగా అడగండి. పరీక్ష లేకుండా లోపం తేలదనుకుంటే వినియోగదారుల రక్షణ చట్టం 38వ సెక్షన్ కింద కమిషనే నమూనాను సీలు వేసి ల్యాబ్‌కు పంపగలదు. ఆ రెండు ముక్కలనూ తుడవకండి, రుద్దకండి, గోనెపట్టాలో చుట్టి తడి తగలని చోట పెట్టండి.

అతని తరఫున వచ్చే ఇంకో వాదన బేరింగుల గురించి ఉంటుంది. పడవ దించడానికి ట్రాలీని నీళ్లలోకి నెడతారు కదా. రోడ్డు మీద నడిచి వేడెక్కిన హబ్ (చక్రం మధ్యలో బేరింగులుండే భాగం) ఒక్కసారిగా చల్లబడితే లోపలికి నీళ్లు లాగుతుంది, గ్రీజు పోతుంది, బేరింగు పట్టేస్తుంది. ‘గ్రీజు పెట్టుకోకుండా నాశనం చేసుకున్నాడు’ అంటాడు. మీ కేసులో విరిగింది బేరింగు దగ్గర కాదు, అతుకు దగ్గర. ఫొటో ఆ మేరకు మిమ్మల్ని కాపాడుతుంది. గ్రీజు పెట్టించిన మెకానిక్ ఎవరైనా ఉంటే అతని వాంగ్మూలం కూడా తీసుకోండి.

ట్రాక్టర్ ట్రాలీ నంబరు మాటకు వస్తే, అది సలహా కాదు, నేరం. మోటారు వాహనాల చట్టం నిర్వచనంలోనే ‘మోటారు వాహనం’ అంటే ట్రైలర్ కూడా. 39వ సెక్షన్ ప్రకారం దానికి సొంత రిజిస్ట్రేషన్ ఉండాలి. రిజిస్ట్రేషన్ లేకుండా తిప్పితే మొదటిసారి రూ.2,000 నుంచి 5,000 దాకా జరిమానాతో పోతుంది. వేరే ట్రాలీ నంబరు రాయించుకుంటే మాత్రం భారతీయ న్యాయ సంహితలోని మోసం, ఫోర్జరీ సెక్షన్ల దాకా పోతుంది. వాటిలో ఏడేళ్ల వరకు శిక్ష పడేవి ఉన్నాయి. నిందితుడు బండి తోలుతున్న మీరవుతారు, నంబరిచ్చిన అతను ‘నాకు తెలియదు’ అంటాడు. ఆ రోజు మైదుకూరు దగ్గర పడవ పడినప్పుడు వెనక బైకు మీద ఎవరో ఉండి ఉంటే ఏమయ్యేదో ఒక్కసారి ఆలోచించండి. బొలెరోకు ఇన్సూరెన్సు ఉన్నా, పాలసీలో లేని, రిజిస్ట్రేషనే లేని ట్రాలీ చేసిన నష్టానికి కంపెనీ ముందుగా చేతులెత్తేస్తుంది. నష్టపరిహారం మీ పొలం, మీ పడవ అమ్మి కట్టాల్సి వచ్చేది.

లైసెన్సు గురించి భయపడ్డారు. అది మీ సమస్య కాదు. 7,500 కిలోల లోపు బండ్లకు ఎల్ఎంవీ (తేలికపాటి మోటారు వాహనం) లైసెన్సు సరిపోతుందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో చెప్పింది.

మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టిన మాట ఇంకొకటి ఉంది. ‘అప్పుడప్పుడు పడవ, ట్రాలీ వేరేవాళ్లకు బాడుగకు కూడా ఇస్తాను’ అన్నారు. వాణిజ్యం కోసం కొన్నవాడు వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారుడు కాడు. సొంత కష్టంతో బతుకుతెరువు కోసమే కొన్నవాడికి మినహాయింపు ఉంది, మీరు ఆ మినహాయింపు కింద నిలబడాలి. కాబట్టి బాడుగ ఎన్నిసార్లు, ఎవరికి, ఎంతకిచ్చారో నా దగ్గరైనా, మీరు పెట్టుకునే లాయరు దగ్గరైనా ఉన్నదున్నట్లు చెప్పండి. దాచిపెడితే ఎదుటి లాయరు చేసే క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడుతుంది, అప్పుడు మంచి కేసు కూడా పోతుంది. మత్స్యకారుల సహకార సంఘం సభ్యత్వం, జలాశయంలో చేపలు పట్టే లైసెన్సు, మీరు చేపలు వేసిన తూకం చీటీలు జతచేయండి. ఇది బతుకుతెరువే అని చూపించేవి అవే. పడవను ప్రధాన మంత్రి మత్స్య సంపద యోజన సబ్సిడీలో తీసుకుని ఉంటే మత్స్యశాఖ ఫైల్లో పడవ కొటేషన్ ఉంటుంది, దాని నకలు తీసుకోండి. పడవ కొలతలు, బరువు అందులో దొరికితే వాట్సాప్ మెసేజ్‌కు బలం వస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది. ఇంజను, వలలు, ఐసు పెట్టె, పెట్రోలు డబ్బా అన్నీ ఎప్పటిలా పెట్టి, పడవను ఏదైనా లారీలో ఎక్కించి కాటా వేయించండి. ఖాళీ లారీకి ఒకటి, పడవతో ఒకటి, రెండు చీటీలు తీసుకోండి. మీరు 500 చెప్పి 800 మోసుంటే కేసు అక్కడే బలహీనపడుతుంది. అది నోటీసు ఇవ్వకముందే తెలియాలి. తర్వాత లాయరు ద్వారా 15 రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, అందినట్లు రుజువు దాచండి. జవాబు వచ్చినా రాకపోయినా పదహారో రోజు కడప జిల్లా వినియోగదారుల కమిషన్లో ఫిర్యాదు పడాలి. చెల్లించిన ధర 5 లక్షల లోపు గనుక ఫీజు లేదు. ట్రాలీ ధర, పడవ బాగుచేయించే ఖర్చుకు కొటేషన్, తూకం చీటీలతో రుజువయ్యే ఆదాయ నష్టం అడగండి. పరువు కోసం 10 లక్షలు అడగాలన్న మీ కోరిక పక్కన పెట్టండి, దాంతో అసలు అడిగినదాని మీద కూడా నమ్మకం తగ్గుతుంది.

ఈలోపు పని ఆగకూడదు కాబట్టి ఇంకో ట్రాలీ తీసుకుంటారు. ఆమోదం ఉన్న తయారీదారు దగ్గరే తీసుకోండి. ఫారం 21 అమ్మకపు సర్టిఫికెట్, ఫారం 22 రోడ్డు యోగ్యతా సర్టిఫికెట్ చేతికొచ్చాకే మిగతా డబ్బివ్వండి. అవి లేకుండా ఆర్టీవో రిజిస్ట్రేషన్ చేయడు. మీ బొలెరో పుస్తకంలో లాగగలిగే బరువు ఎంత రాసిందో చూడండి. అందులో లేకపోతే కంపెనీ షోరూములో రాయించుకోండి. పడవ ఒక్కటే లెక్కపెట్టకండి, ట్రాలీ సొంత బరువూ కలపండి. ఇంజను పడవ వెనక కొసన ఉంటుంది గనుక చక్రాలు మరీ ముందుకు పెడితే బరువంతా వెనక్కి పడి, బండి వేగం అందుకోగానే ట్రాలీ పాములా ఊగుతుంది. మొత్తం బరువులో సుమారు పదో వంతు హుక్కు మీద ఆనేలా చేయించండి. హుక్కు ఊడినా పట్టి ఉంచే గొలుసులు, వెనక లైట్లు తప్పనిసరి. పాలసీలో ట్రాలీ చాసిస్ నంబరు ఎక్కించండి. వీటన్నిటినీ ఆర్డరు కాగితంలోనే రాయించి, పడవ బరువు, లాగే బండి పేరు కింద అతని సంతకం తీసుకోండి.

ఫోను తెరుచుకోగానే ఆ చాట్ మొత్తాన్ని మీ ఈమెయిల్‌కు ఎక్స్‌పోర్ట్ చేసి, కాటా చీటీలతో సహా ఈ వారంలో ఒకసారి కలవండి.